లెక్క ఎక్కడ తప్పుతోంది?

విద్యార్థులారా! మెకానిక్స్ లెక్క కనబడగానే మీలో చాలామంది మొదట చేసే పని సూత్రం కోసం వెతకడం. అనేక తప్పులు అక్కడే మొదలవుతాయని నా అభిప్రాయం.

ఈ లెక్క చూడండి. 24.5 మీటర్ల ఎత్తున్న మేడ అంచున నిలబడి, ఒక బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరాము. అది ఎంతసేపటికి నేలను తాకుతుంది? గురుత్వ త్వరణం 9.8 మీ/సె². గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

ఈ లెక్క ఇచ్చినప్పుడల్లా కొందరు ‘1 సెకను’ అని రాస్తారు. వాడిన సూత్రం సరైనదే. గుణకారాల్లోనూ పొరపాటు లేదు. అయినా జవాబు తప్పు. బంతి వేగం ప్రతి సెకనుకు 9.8 చొప్పున తగ్గుతుంది కాబట్టి అది పైకి పోయి ఆగడానికే 2 సెకన్లు పడుతుంది. అటువంటప్పుడు 1 సెకనులో నేలకు ఎలా చేరుతుంది?

వారు మూడు విలువలనూ ధన గుర్తుతోనే వేశారు. అంటే బంతిని కిందికి విసిరినట్లు! అడిగిన ప్రశ్న ఒకటి, జవాబు చెప్పిన ప్రశ్న మరొకటి. పై దిశను ధనంగా తీసుకుంటే తొలివేగం +19.6, త్వరణం −9.8, స్థానభ్రంశం −24.5. ఇప్పుడు 5 సెకన్లు వస్తుంది. సరిచూద్దాం. బంతి 2 సెకన్లలో 19.6 మీటర్లు పైకి పోతుంది. అక్కడినుంచి నేల 44.1 మీటర్లు. అంత దూరం పడడానికి 3 సెకన్లు. మొత్తం 5!

బంతి గరిష్ఠ ఎత్తుకు చేరినప్పుడు వేగం సున్న కనుక త్వరణమూ సున్న అని రాసేవారున్నారు. అదే నిజమైతే బంతి ఆకాశంలోనే నిలిచిపోవాలి గదా!

ఇక ప్రమాణాల సంగతి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు బ్రేకు వేయగా 5 సెకన్లలో ఆగింది. 72ను 5తో భాగించి 14.4 మీ/సె² రుణత్వరణం అంటారు కొందరు. రాయి కిందపడే త్వరణం కంటే ఇది ఎక్కువ! గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. రుణత్వరణం 4 మాత్రమే.

ఇవి పిల్లలు మాత్రమే చేసే పొరపాట్లనుకోకండి. 1998లో అమెరికా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుణ్ణి చేరే వేళ నాశనమైంది. ప్రచోదనాన్ని ఒక ప్రోగ్రాం పౌండు-సెకన్లలో లెక్కకట్టి ఇస్తే, వాటినే న్యూటన్-సెకన్లనుకుని తరువాతి లెక్కలు వేశారు. ఒక పౌండు బలం దాదాపు 4.45 న్యూటన్లు!

తప్పు మీ ఒక్కరిదే కాదు. సూత్రాలు బట్టీ పట్టించే మా ఉపాధ్యాయులది కూడా. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. ఇప్పుడు నా తరగతిలో బొమ్మ గీయనిదే సూత్రం రాయనివ్వను. మీరూ ముందు బొమ్మ గీయండి. దిశ నిర్ణయించుకోండి. ప్రమాణాలు ఒకటి చేయండి. చివర ‘ఇది జరిగే పనేనా?’ అని మిమ్మల్ని మీరే అడగండి. మెకానిక్స్ తమకు రాదని దిగులుపడే పిల్లలకు చాలాసార్లు రానిది మెకానిక్స్ కాదు, ఈ అలవాటే.