గుండె నీరసించినవారికి చట్టంలో చోటు

2025 జులైలో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో గుండెపోటు వరుస మరణాల వార్తలకు బెదిరి జనం బెంగళూరు జయదేవ హృద్రోగ ఆస్పత్రి ముందు బారులు తీరారు. ఆస్పత్రి బయట సంభవించే ఆకస్మిక మరణాలను నమోదు చేయాలని కర్ణాటక ప్రభుత్వం నిర్ణయించింది. మంచిదే. చానళ్లు మాత్రం పోయినవారి లెక్క దగ్గరే ఆగిపోయాయి. గుండెపోటు నుంచి బయటపడో, కవాటాలు చెడిపోయో, నీరసించిన గుండెతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారి ఊసే లేదు.

రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ వారికి నిద్ర పట్టదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు బిగుసుకుంటాయి. ఒంట్లో నీరు తీసే మాత్ర పొద్దున వేసుకుంటే గంట తిరగకుండానే మూత్రానికి పరుగెత్తాలి. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో బస్సు కదలదు. అందుకే పనికెళ్లే రోజున మాత్ర మానేస్తారు. కొన్నాళ్లకు ఆయాసం ముదిరి మళ్లీ ఆస్పత్రిలో చేరతారు. దీన్ని రోగి నిర్లక్ష్యమని రాసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ జబ్బుకు వాడే శాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ మందు పేటెంటు 2023లో ముగిసి జెనరిక్‌లు వచ్చాయి, ధర దిగింది. పని వేళలు మాత్రం అవే.

అసలు చిక్కు చట్టంలో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో 21 వైకల్యాలున్నాయి. పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసీమియా ఉన్నాయి, గుండె నీరసించడం, అంటే గుండె వైఫల్యం, లేదు. వైకల్య సర్టిఫికెట్ రాదు కాబట్టి హక్కూ లేదని అందరూ వదిలేస్తున్నారు. సెక్షన్ 2(ఎస్) అలా అనడం లేదు. దీర్ఘకాలిక శారీరక లోపానికి బయటి అడ్డంకులు తోడై, నలుగురితో సమానంగా మెలగనీయకపోతే అది వైకల్యమేనంటుంది. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నది ఈ నిర్వచనాన్నే. రాస్తుంటే చేయి బిగుసుకుపోయే అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేకపోయినా పరీక్షలో లేఖకుణ్ని పెట్టుకునే హక్కుందని తేల్చింది. రిజర్వేషన్‌కు 40 శాతం కావాలి. తగిన వెసులుబాటుకు అక్కర్లేదు. గుండె నీరసించిన ఉద్యోగికీ ఈ తీర్పు వర్తిస్తుందనే నా వాదన.

ఇలాగైతే ప్రతి రోగీ హక్కంటాడని, ఎవరి ఇబ్బంది ఎంతో కొలవలేమని అభ్యంతరం చెబుతారు. నడక, మెట్లు, స్నానం, ఇంటిపని గురించి అడిగి సున్నా నుంచి వంద దాకా మార్కులు వేసే కాన్సాస్ సిటీ ప్రశ్నావళి కార్డియాలజిస్టుల చేతిలో ఉంది. కొలవలేమన్న మాట చెల్లదు.

షెడ్యూలులో కొత్త వైకల్యం చేర్చడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, కేంద్రం నోటిఫికేషన్ చాలు. ఈలోగా ప్రభుత్వోద్యోగి సెక్షన్ 20 కింద డ్యూటీ వేళ మార్చమని ఇప్పుడే అడగొచ్చు. సెక్షన్ 21 ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీల విధానాల్లో గుండె రోగుల ప్రస్తావన రాయించే పని కర్ణాటక కార్మిక శాఖ ముందుగా మొదలుపెట్టాలి.