గజ్జెల చప్పుడు వినిపించిందా?

మా హాల్లో టీవీ పక్కన ఒక చిన్న నల్లటి గిన్నె ఉంటుంది. అంచులు పూరేకుల్లా వంపులు తిరిగి ముచ్చటగా ఉంటుంది. వచ్చినవాళ్ళు "ఎక్కడ కొన్నారండీ?" అని అడుగుతుంటారు. కొన్నది కాదు, నేను చేసిందే. 1994లో, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నప్పుడు. ఆ రోజుల్లో వారపత్రికల్లో పనికిరాని వస్తువులతో అలంకరణలు నేర్పేవారు, గుర్తుందా? పాత గ్రామఫోను రికార్డును మరిగే నీళ్ళలో ముంచి, మెత్తబడగానే బోర్లించిన గిన్నె మీద వేసి వంచితే చాలు, పూలగిన్నె తయారు! మా చిన్నాన్న పెట్టెలోంచి ఒక రికార్డు తీసి అలాగే చేశాను. పైనున్న కాగితం లేబులు నీళ్ళలో ఊడిపోయింది. ఏం పాటో కూడా చూడలేదు. పైగా దాన్ని ఆయన పుట్టినరోజుకి ఆయనకే ఇచ్చాను! చిన్నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావుందే అమ్మడూ" అని తాళంచెవులు అందులో వేసుకున్నారు. అంతే.

ఆయన సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగి. పెళ్ళి చేసుకోలేదు. మెట్టుగూడలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ల స్నేహంతో ఇంగ్లీషు పాటల పిచ్చి పట్టింది. వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తమ రికార్డులన్నీ ఈయనకి ఇచ్చేశారు. రెండేళ్ళ క్రితం ఆయన పోయాక ఆ ట్రంకుపెట్టె మా ఇంటికి చేరింది. "పాత సామాన్లవాడికి వేసేద్దాం, చోటు కలిసొస్తుంది" అన్నారు మావారు. దసరాకి ఇల్లు దులుపుతూ తెరిచి చూద్దును కదా, అరవై పైచిలుకు రికార్డులు, వాటి పైన ఒక పొడుగాటి రూళ్ళ పుస్తకం!

ఇవి సింగిల్స్. ఏడంగుళాల చిన్న రికార్డులు, నిమిషానికి 45 చుట్లు తిరుగుతాయి. అటొక పాట, ఇటొక పాట. 1949లో అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీవాళ్ళు మొదలుపెట్టారు. పుస్తకంలో ఒక్కో రికార్డుకీ ఒక నంబరు, ఎవరు పాడారు, ఎప్పుడు రికార్డు చేశారు, డ్రమ్ములు ఎవరు వాయించారు అని చిన్నాన్న రాసుకున్నారు. నేను వంటల పుస్తకంలో "ఇది అత్తయ్య చెప్పింది, ఉప్పు తగ్గించాలి" అని రాసుకోనూ? అచ్చం అలాగే.

'హౌండ్ డాగ్' పాట దగ్గర ఎర్ర సిరాతో గీత గీశారు. ఎల్విస్ ప్రెస్లీ పాటగా లోకమంతా ఎరిగినదే. 1956 జూలైలో న్యూయార్కులో ఇంచుమించు ముప్పై సార్లు పాడి పాడి రికార్డు చేశాడట. కానీ దాన్ని అంతకు ముందే, 1952లో లాస్ ఏంజిలిస్‌లో పాడింది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని. మరుసటేడు రికార్డు వచ్చి బాగా అమ్ముడుపోయింది. తనకి దక్కింది మాత్రం 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆవిడ తర్వాత చెప్పుకుంది. వండింది ఒకరు, వడ్డించి మెప్పు కొట్టేసింది ఇంకొకరు! మనకి తెలియని సంగతా ఇది?

అసలు కథ 23వ నంబరు దగ్గర ఉంది. అక్కడ ఖాళీ కవరు మాత్రమే ఉంది. పుస్తకంలో "బీటిల్స్, లవ్ మీ డూ, ఎర్ర లేబులు, గజ్జెలు లేవు" అని ఉంది. గజ్జెలేమిటా అని మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఆరా తీశాను.

1962లో బీటిల్స్ ఈ పాటని లండన్‌లో మూడుసార్లు రికార్డు చేశారు. జూన్ 6న డ్రమ్ములు వాయించింది పీట్ బెస్ట్. ఆ వాయింపు నిర్మాత జార్జ్ మార్టిన్‌కి నచ్చలేదు. ఆగస్టులో పీట్‌ని తీసేసి రింగో స్టార్‌ని పెట్టుకున్నారు. సెప్టెంబరు 4న రింగో వాయించాడు. అదీ తృప్తిగా లేదని సెప్టెంబరు 11న ఆండీ వైట్ అనే అద్దె డ్రమ్మర్‌ని పిలిపించి, పాపం కొత్తగా చేరిన రింగో చేతికి టాంబరిన్ ఇచ్చారు. టాంబరిన్ అంటే మన కంజీరకి అక్కయ్య లాంటిది, చుట్టూ రేకు గజ్జెలుంటాయి. కొత్తకోడలిని పొయ్యి దగ్గరకి రానివ్వకుండా కొత్తిమీర తుంచమన్నట్టు! తీరా అక్టోబరు 5న ఎర్ర లేబులుతో సింగిల్ విడుదల చేసినప్పుడు అందులో రింగో డ్రమ్ములు వాయించిన పాటే వేశారు. తర్వాత అచ్చయిన వాటిలోకి ఆండీ వైట్ వాయించినది వచ్చింది. అందుకే రికార్డులు సేకరించేవాళ్ళు చెవి పెట్టి గజ్జెల చప్పుడు ఉందా లేదా అని వింటారు. లేకపోతే మొదటిదన్నమాట. అమ్మాయి రెండూ ఫోనులో వినిపించింది. మొదట నాకేం తేడా తెలియలేదు. నాలుగోసారికి పట్టుకున్నాను!

ఇంకో మాట వినండి. రింగో వాయించిన ఆ సెప్టెంబరు 4 నాటి మాస్టర్ టేపు కంపెనీ దగ్గర మిగల్లేదు. తర్వాతెప్పుడో ఆ పాటను మళ్ళీ వెయ్యాలనుకున్నప్పుడు, ఎవరో జాగ్రత్తగా దాచుకున్న పాత రికార్డు నుంచే ఎక్కించుకోవాల్సి వచ్చింది. అది చదివాక రెండురోజులు నేను ఆ నల్లగిన్నె వైపు చూడలేకపోయాను.

మీ ఇళ్ళలో ఇలాంటివి ఉంటే అటక మీద పెట్టకండి, వేడికి వంకర్లు పోతాయి. ఒకదాని మీద ఒకటి దొంతర పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. దుమ్ము పడితే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన, పోగులు రాలని మెత్తటి గుడ్డతో గీతల వెంబడి గుండ్రంగా తుడవాలి. లేబులు తడవకూడదు. బరువుగా ఉండి, కింద పడితే పెంకులా పగిలే పాత 78 రికార్డులకి మాత్రం స్పిరిట్ తగలనివ్వద్దు. వాటిలో ఉండేది లక్క, మన లాడ్‌బజార్ గాజులకి వాడేదే. స్పిరిట్‌కి కరిగిపోతుంది. బీటిల్స్ పాటల్ని కూడా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అలాంటి 78లుగా వేశారు. అప్పట్లో కరెంటు లేని ఇళ్ళలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులే ఉండేవి మరి. వాటికోసం ఇప్పుడు విదేశాలవాళ్ళు వెతుక్కుంటున్నారు.

మొన్న రికార్డులు తుడుస్తుంటే మా అమ్మాయి ఆ పుస్తకం మళ్ళీ తిరగేసి, "అమ్మా, ఇది చూశావా?" అంది. 23వ నంబరు కింద, వేరే సిరాతో, చిన్న అక్షరాల్లో "1994 మే. గిన్నె అయింది. అమ్మడు చేసింది" అని ఉంది.

ఆయనకి అంతా తెలుసు. పదహారేళ్ళ పిల్ల ముందు ఒక్క మాట అనలేదు.

బీరువా కింది అరలోంచి నా పట్టుచీరలు పైకి మార్చి, రికార్డులన్నీ నంబర్ల వరసలో నిలబెట్టాం. 22కీ 24కీ మధ్య ఆ ఖాళీ కవరు కూడా పెట్టాను. మావారు చూశారు కానీ ఏమీ అనలేదు. బీరువా తాళంచెవి మాత్రం గిన్నెలోనే వేస్తున్నాం.