వ్యూహకర్త వెళ్లిపోతే...

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరంతా క్వార్టర్‌బ్యాక్‌దే. కానీ చాలా జట్లలో అతడు ఏ ఎత్తు వేయాలో హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా చెప్పేది ఆఫెన్సివ్ కోఆర్డినేటర్. అలాంటి వ్యూహకర్త వెళ్లిపోతే ఏమవుతుందో అట్లాంటా ఫాల్కన్స్‌కు బాగా తెలుసు.

2016 సీజన్‌లో కైల్ షానహాన్ వ్యూహాలతో ఆ జట్టు 540 పాయింట్లు సాధించింది. 38 టచ్‌డౌన్ పాస్‌లతో మ్యాట్ ర్యాన్ లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. 2017 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఓడగానే షానహాన్ ప్రధాన కోచ్‌గా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయారు. ఆయన స్థానంలో స్టీవ్ సార్కీసియన్ వచ్చారు. అదే ర్యాన్, అదే జూలియో జోన్స్, చాలావరకు అదే వ్యూహాల పుస్తకం. అయినా 2017 సీజన్‌లో పాయింట్లు 353కి, ర్యాన్ టచ్‌డౌన్ పాస్‌లు 20కి పడిపోయాయి. ప్రత్యర్థుల చేతికి చిక్కిన పాస్‌లు 7 నుంచి 12కు పెరిగాయి.

ఏ ఎత్తు తర్వాత ఏది, ఎప్పుడు అన్న ఒడుపు పుస్తకంలో దొరకదు. అది కలిసి పనిచేస్తేనే వస్తుంది. 2018లో ర్యాన్ మళ్లీ 35 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. కానీ జట్టు 16 మ్యాచ్‌లలో 9 ఓడింది. సార్కీసియన్‌కు ఉద్వాసన తప్పలేదు.

గెలిపించిన వ్యూహకర్తను పెద్ద పదవి తన్నుకుపోతుంది. ఓడిన జట్టు వ్యూహకర్తను యాజమాన్యమే సాగనంపుతుంది. ఎలా జరిగినా, మళ్లీ ఓనమాలు దిద్దాల్సింది మాత్రం క్వార్టర్‌బ్యాకే.