ట్యాంకులో సగం ఉండాలి, ఇంట్లో సీసా ఉండకూడదు



2024 జనవరి 2, మంగళవారం నాడు జంట నగరాల్లో పెట్రోల్ బంకుల ముందు బారులు తీరిన బండ్లు మీకు గుర్తుండే ఉంటాయి. ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు పదేళ్ల దాకా జైలు అన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్‌ను వ్యతిరేకిస్తూ ట్రక్కు, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె చేశారు. ఇక పెట్రోల్ రాదన్న మాట ఫోన్లలో పాకింది. చాలామంది ట్యాంకు నింపుకున్నారు. కొందరు బాటిళ్లు, క్యాన్లు కూడా పట్టుకొచ్చారు. చంచల్‌గూడలో ఓ ఫుడ్ డెలివరీ యువకుడు గుర్రమెక్కి వెళ్తున్న వీడియో చూసి ఊరంతా నవ్వుకుంది. ఆ రాత్రే కేంద్ర హోం శాఖ అధికారులు రవాణా సంఘాలతో మాట్లాడారు, సమ్మె ముగిసింది.

సమ్మె ముగిసినా ఆ భయం మాత్రం మనలో ఉండిపోయింది. సమ్మె అన్నా, ఎక్కడో యుద్ధం అన్నా "ఎందుకైనా మంచిది, ఓ ఐదు లీటర్లు ఇంట్లో ఉంచుకుందాం" అనే మాట మన మధ్య వినిపిస్తూనే ఉంటుంది. పిల్లల్ని బడికి దింపాలి, పరీక్షకు ఆలస్యం కాకూడదు అన్నదే అందులోని ఆరాటం. ఆ ఆరాటం న్యాయమైనదే. కానీ ఆ సీసా పిల్లల్ని బడికి చేర్చే సాధనం కాదు, వాళ్లు పడుకునే ఇంట్లో పెట్టుకున్న ప్రమాదం అని నా అభిప్రాయం.

మన ఇళ్లకు ఈ అలవాటు కిరోసిన్ కాలం నుంచి వచ్చిందనుకుంటాను. రేషన్ షాపు ముందు నిలబడి తెచ్చిన కిరోసిన్ డబ్బాను అమ్మమ్మలు పొయ్యి పక్కనే ఉంచేవారు. పెట్రోల్ కూడా అలాంటిదే అనుకుంటాం. అది పొరపాటు. కిరోసిన్ నుంచి మంట అందుకునేంత ఆవిరి రావాలంటే దాన్ని దాదాపు 40 డిగ్రీల వరకు వేడి చేయాలి. పెట్రోల్‌కు ఆ వేడి అక్కర్లేదు. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా దాని ఆవిరి అంటుకోగలదు. అంటే మన ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామైనా, మే మధ్యాహ్నమైనా పెట్రోల్ సీసా ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టే.

ఇంకో సంగతి. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల వెంబడి పాకుతుంది. మూత సరిగా బిగియని సీసా బాల్కనీలో ఉంటే, ఆ ఆవిరి తలుపు కింద నుంచి దేవుడి గదిలోని దీపం దాకా, వంటింట్లోని స్టవ్ దాకా రాగలదు. సీసాకు, మంటకు మధ్య నాలుగు అడుగులు ఉన్నంత మాత్రాన భద్రం కాదు. ఎనిమిదో తరగతి సైన్స్‌లో మంటల గురించి పిల్లలకు పాఠం చెబుతాం. ఆ పాఠం చదివిన బిడ్డ ఇంటికి వచ్చి వాటర్ బాటిల్‌లో పెట్రోల్ చూస్తే ఏది నమ్మాలి?

చట్టమూ ఈ విషయం చెబుతోంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా 30 లీటర్ల లోపు పెట్రోల్ ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అయితే గట్టి మూత ఉన్న లోహపు, గాజు లేదా పింగాణీ పాత్రలోనే ఉంచాలి. గాజు, పింగాణీ పాత్రలైతే ఒక లీటరుకు మించకూడదు, లోహపు పాత్ర 25 లీటర్లకు మించకూడదు. ఇంట్లో మనం వాడే కూల్‌డ్రింక్ బాటిల్‌కు ఆ జాబితాలో చోటు లేదు. లైసెన్సు అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇది ఒక్క ఇంటి సంగతి కూడా కాదు. 2022 సెప్టెంబరు 12న మన సికింద్రాబాద్‌లోనే, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న రూబీ హోటల్‌లో మంటలు రేగి ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో నిల్వ చేసిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లోని కుటుంబాలు పొగలో చిక్కుకున్నాయి. ఆ రోజే తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. ఆ రెండు చోట్లా కాలినది పెట్రోల్ సీసా కాదు, నిజమే. కానీ కింద రేగిన మంట పొగ మెట్ల దారినే పైకి వస్తుందని రెండూ చెప్పాయి. బజార్‌ఘాట్ ప్రమాదం జరిగిన 50 రోజులకే ఇదే నగరంలో మనం క్యాన్లు పట్టుకుని బంకుల ముందు నిలబడ్డాం.

"మరి కొరత వస్తే?" అని మీరు అడగవచ్చు. ఒక చిన్న లెక్క చూడండి. ఐదు రోజులకోసారి పెట్రోల్ పోయించుకునే వాళ్లందరూ ఒకే రోజు వస్తే, బంకులో ఐదు రోజుల సరుకు ఆ ఒక్క రోజే అయిపోతుంది. క్యాన్లు కూడా తెస్తే ఇంకా ముందే అయిపోతుంది. ట్యాంకర్ ఆగడం సగం కారణమైతే, మన కంగారు మిగతా సగం.

ఇంకో లెక్క. ఐదు లీటర్ల ట్యాంకున్న స్కూటర్‌లో సగం పెట్రోల్ ఉందనుకుందాం. లీటరుకు 40 కిలోమీటర్ల చొప్పున వంద కిలోమీటర్లు వస్తుంది. బడి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఉదయం దింపి, సాయంత్రం తీసుకురావడానికి రోజుకు 20 కిలోమీటర్లు. అంటే ఐదు రోజుల బడి. పెట్రోల్ ఉంచడానికి తయారైన పాత్ర మన బండి ట్యాంకే. సగానికి దిగగానే నింపించే అలవాటు ఉంటే చాలు. అర్ధరాత్రి ఆస్పత్రి అవసరానికి కూడా ఆ సగం ట్యాంకు పనికొస్తుంది, 108 ఎలాగూ ఉంది.

దీనితోపాటు, మీ వీధిలో మన బడికి వచ్చే మరో ఇద్దరి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు దగ్గర ఉంచుకోండి. కొరత రోజున మూడు బండ్ల బదులు ఒక ఆటో సరిపోతుంది. బడి వైపు నుంచి యాజమాన్యాన్ని నేను కోరేది కూడా ఒకటుంది. అలాంటి రోజు ఆలస్యంగా వచ్చిన బిడ్డను గేటు దగ్గర ఆపకూడదు, రాలేకపోయిన బిడ్డకు పరీక్ష మళ్లీ పెట్టాలి. ఆ హామీ ముందే ఇస్తే సగం క్యాన్లు బంకు దాకా వెళ్లవు.

ఈ రాత్రి ఒకసారి బాల్కనీ, అటక, సెల్లార్‌లో బండి పక్కన చూడండి. సీసా దొరికితే సింకులోనో, డ్రైనేజీలోనో పారబోయకండి. ఆ ఆవిరి కాలువల్లో చేరితే ఇంకా ప్రమాదం. పగటిపూట, ఆరుబయట, ఇంజిన్ చల్లారిన బండి ట్యాంకులో పోయండి. నెలల తరబడి నిల్వ ఉన్నదైతే పోసే ముందు మెకానిక్‌ను అడగండి. పిల్లల్ని మాత్రం దూరంగా నిలబెట్టి, ఎందుకు తీసేస్తున్నారో వాళ్లకు చెప్పండి.