నేర వ్యాజ్యముల దస్త్రములు సామాన్యునికి దొరకు దారిని గూర్చి: ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులగు ప్రధాన న్యాయమూర్తి గారికి,

రాజ్యాంగములోని 227, 235 అధికరణములు దిగువ న్యాయస్థానముల పర్యవేక్షణమును, నియంత్రణమును ఉన్నత న్యాయస్థానమునకు అప్పగించినవి గనుకను, నేర న్యాయస్థానముల తీర్పుల నకళ్లు కేసుతో సంబంధము లేనివారికి ఏ రుసుముపై, ఏ షరతులకు లోబడి ఇయ్యవలయునో నిర్ణయించు అధికారము తమ న్యాయస్థానమునకే ఉన్నది గనుకను, ఈ విన్నపమును మంత్రులకుగాని పోలీసు అధికారులకుగాని కాక తమకే చేసికొనుచున్నాను. ఒక పల్లెటూరి మనిషి తనపై ఒకప్పుడు నడచిన కేసు ఎట్లు ముగిసినదో, తన బిడ్డను కొట్టినవారిపై పెట్టిన కేసు ఇప్పుడు ఏ కోర్టులో నున్నదో తెలిసికొనగోరినప్పుడు, ఆ దస్త్రము మరియొకరి దయాదాక్షిణ్యములతో పనిలేకుండ అతనికి దొరకవలయును. నేటి స్థితిలో అది దొరకుట దుర్లభముగా నున్నది. దస్త్రము లేకపోవుటచేత కాదు, దానిని చేరు దారి తెలియకపోవుటచేత.

నేను న్యాయవాదిని కాను. ఉపాధ్యాయ వృత్తినుండి విరమించిన పిమ్మట మా ఊరి గ్రంథాలయమున కూర్చుండి, అడిగినవారికి అర్జీలు వ్రాసిపెట్టుచుందును. పింఛనులు, పొలము పాసుపుస్తకములు, రేషను కార్డులు: వీటి విషయమై వచ్చువారికి ఎక్కడికి పోవలెనో చెప్పుట తేలిక. కోర్టు కాగితము కావలెనని వచ్చువానికి చెప్పుటయే కష్టము. ఏలయన, ఒక్క కేసే చోటు మారినప్పుడెల్ల క్రొత్త సంఖ్యను ధరించును. పోలీసు స్టేషనులో ఎఫ్ఐఆర్ నమోదైన నాడు దానికి క్రైం నంబరు వచ్చును. దర్యాప్తు ముగిసి ఛార్జిషీటు మేజిస్ట్రేటు కోర్టులో దాఖలై, విచారణకు స్వీకరింపబడినచో అది సీసీ (కేలండరు కేసు) నంబరుగా మారును. నేరము సెషన్సు కోర్టు విచారింపదగినదైనచో మొదట పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టరు కేసు) నంబరు పొంది, సెషన్సుకు కమిట్ అయిన పిదప ఎస్సీ (సెషన్సు కేసు) నంబరగును. అప్పీలు పడెనా, దానికి వేఱొక సంఖ్య. పోలీసులు సాక్ష్యము చాలదనియో, ఫిర్యాదు పొరపాటనియో తుది నివేదిక పెట్టినచో ఈ సంఖ్యలలో ఏదియు పుట్టదు. అట్టి కేసును కోర్టు కేసుల జాబితాలో ఎంత వెదకినను కానరాదు. ఫిర్యాదు చేసిన తల్లికిగాని, నిందితుడైన కొడుకునకుగాని గుర్తుండునది మొదటి సంఖ్య మాత్రమే, అదియు గుర్తున్నచో. కోర్టు రిజిస్టర్లు రెండవ సంఖ్య క్రమమున నడచును. ఈ రెండింటిని కలుపు దారము పోలీసు స్టేషనులోని కోర్టు కానిస్టేబులు పుస్తకములోను, న్యాయవాది గుమాస్తా జ్ఞాపకములోను ఉన్నదేగాని, ప్రజలకు సులభముగా కనబడు చోట లేదు.

ఒక ఉదాహరణము చెప్పుదును. కడప ప్రాంతమునుండి బ్రతుకుతెరువునకై కువైటుకు పోవువారు అసంఖ్యాకులు. అట్టి యువకుడొకడు పాస్‌పోర్టు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టగా, పోలీసు పరిశీలనలో అతనిపై ఒక కేసున్నట్లు నివేదిక వచ్చినది. నేర న్యాయస్థానమున కేసు పెండింగులో నున్నవాడు ఆ కోర్టు అనుమతి తెచ్చుకొన్నగాని పాస్‌పోర్టు పొందజాలడు. అతడు చెప్పినదేమనగా, ఊరి జాతరలో జరిగిన కొట్లాటలో పదిమందితోపాటు తన పేరును వ్రాసిరనియు, తరువాత ఇరువర్గములు లోక్ అదాలతులో రాజీపడగా అందఱును సంతకములు చేసి ఇండ్లకు పోయిరనియు. చట్టదృష్టిలో అట్లు రాజీతో ముగిసిన కేసు నిర్దోషిగా విడుదలతో సమానము. కాని ఆ విడుదలకు సాక్ష్యముగా అతని చేతిలో ఒక్క కాగితమైనను లేదు. వాదించిన వకీలు కాలముచేసినాడు. క్రైం నంబరు అతని తల్లి పెట్టెలో దాచిన జామీను కాగితముపై దొరకినది. దానిని పట్టుకొని కోర్టుకు పోగా, నడుమ ఆ పట్టణమున మరియొక మేజిస్ట్రేటు కోర్టు ఏర్పడి స్టేషనుల కేసులు పంచబడినవని తెలిసినది. బెంచి క్లర్కు సౌమ్యుడే. “సీసీ నంబరు చెప్పు నాయనా, ఇప్పుడే తీసి చూపిస్తాను” అన్నాడు. ఆ నంబరు కొఱకే కదా అంతదూరము వచ్చినది! ఆ క్లర్కు తప్పు ఇందులో అణుమాత్రము లేదు. అతని రిజిస్టరును అట్లే కుట్టినారు.

తుదకు అతనికి దారి చూపినది కేసుల వివరములను అంతర్జాలమున చూపు ఈ-కోర్ట్స్ సేవ. ఈ మహాకార్యమును నేను తక్కువచేయను. 2005 నాటి జాతీయ ప్రణాళికతో మొలకెత్తి, 2023 సెప్టెంబరులో 7,210 కోట్ల రూపాయలతో మూడవ దశకు కేంద్ర ఆమోదము పొందిన ఈ పథకము వలన నేడు దేశములోని ఏ జిల్లా కోర్టు వాయిదానైనను చేతిలోని ఫోనులో చూడవచ్చును. ప్రతి కేసునకు సీఎన్ఆర్ అను 16 అక్షరాంకముల గుర్తింపు సంఖ్య కలదు: మొదటి నాలుగు అక్షరములు రాష్ట్రమును జిల్లాను, తరువాతి రెండంకెలు కోర్టును, ఆరంకెలు వరుస సంఖ్యను, చివరి నాలుగు సంవత్సరమును తెలుపును. సంఖ్య తెలియనివారు పోలీసు స్టేషనును ఎంచుకొని, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరము ఇచ్చియు వెదకవచ్చును. ఈ రెండవ దారి సామాన్యునికి కల్పవృక్షము వంటిది. అయినను దాని ఉనికిని తెలుపు ఒక్క తెలుగు పలక నేనెఱిగిన ఏ కోర్టు గోడపైనను కానరాలేదు. మరియు వెదకువాడు మొదటనే జిల్లాను ఎంచుకొనవలయును. 2022 ఏప్రిల్ 4న పాలనా జిల్లాలు పదమూడునుండి ఇరువదియారు అయినవి. నరసరావుపేట పల్నాడునకు కేంద్రమైనది, కాని అచటి కేసులు గుంటూరు న్యాయజిల్లా క్రింద వెదకవలయునని ఆ ఊరివానికి ఎవరు చెప్పుదురు?

పేరునుబట్టి వెదకుట సులభమని కొందఱు తలతురు. నాకది భయము గొల్పు దారి. మన పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎక్కింపబడినవి. వెంకటేశ్వర్లు అను పేరును ఒక గుమాస్తా ఒకవిధముగా, మరియొకడు మరియొకవిధముగా వ్రాయును. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట కేవలము పొడి అక్షరము. కనుక ఉన్న కేసు కనబడకపోవచ్చును. అంతకంటె ఘోరమైనది, లేని కేసు కనబడుట. ఒకే మండలములో ఒకే పేరుగలవారు ఎందఱుందురో తమకు తెలియనిది కాదు. తండ్రి పేరు, వయస్సు, గ్రామము చూడక, పేరు మాత్రము కలిసినదని ఉద్యోగమిచ్చువాడు ఒక నిరపరాధిని తిరస్కరించినచో ఆ అన్యాయమునకు అప్పీలు లేదు. కావున నా కోరిక దస్త్రములన్నియు వీథిలో పఱచవలెనని కాదు. లైంగిక నేరములలో బాధితురాలి గుర్తింపును, బాలల వివరములను చట్టము కాపాడుచున్నది; ఆ కాపుదల ఇంకను దృఢము కావలెను. ఛార్జిషీట్లను వెబ్‌సైటులలో పెట్టనక్కఱలేదని సర్వోన్నత న్యాయస్థానము 2023 జనవరిలో చెప్పినది. దానితో నాకు వివాదము లేదు. సంఖ్య తెలిసి, సంబంధము గలిగి వచ్చినవానికి త్రోవ తిన్నగా నుండవలెననియే నా ప్రార్థన.

సంఖ్య దొరకిన పిమ్మట నకలు పొందుట మరియొక ఘట్టము. కాపీ అప్లికేషనులో కేసు నంబరు, తీర్పు తేదీ, కోరిన కాగితము పేరు వ్రాసి ఇయ్యవలెను. అంతట కాపీయింగు విభాగము వారు రుసుము ఎంతయో లెక్కగట్టి నోటీసు బోర్డుపై వ్రాయుదురు. అది చూచి కట్టిన పిదప నకలు సిద్ధమగును. సర్టిఫైడ్ కాపీ వెనుకవైపు చూచినవారికి తెలియును: అర్జీ ఇచ్చిన తేదీ, రుసుము అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, అందజేసిన తేదీ వరుసగా ముద్రవేసి యుండును. అప్పీలు గడువు లెక్కలో నకలుకై పట్టిన కాలమును మినహాయింతురు గనుక ఆ తేదీలు అమూల్యములు. అయితే బోర్డుపై తన అర్జీ నంబరు ఏనాడు ఎక్కునో తెలియక, కూలి మానుకొని వచ్చి చూచి పోవు మనిషి బాధ ఆ ముద్రలో కనబడదు. సమాచార హక్కు చట్టము క్రింద అడుగుదమన్నచో, కోర్టు నియమములున్నచోట ఆ నియమముల ప్రకారమే పోవలెనని 2020 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పియున్నది. కనుక ఆ ఒక్క కిటికీయే గతి.

మన మేజిస్ట్రేటు కోర్టుల తీర్పులను చదువుట నాకిష్టము. తీర్పు తలపై ‘కేలండరు’ అను ఒక పట్టిక యుండును: నేరము జరిగిన తేదీ, ఫిర్యాదు తేదీ, నిందితుని పట్టుకొన్న తేదీ, జామీనుపై విడిచిన తేదీ, విచారణ మొదలైన తేదీ, ముగిసిన తేదీ, తీర్పు, చివరకు ఆలస్యమునకు కారణము. ఒక్క పుటలో ఒక కుటుంబము యొక్క అనేక సంవత్సరములు ఇమిడియుండును. ఆలస్యమునకు సంజాయిషీని న్యాయాధికారి తానే వ్రాసి పై న్యాయస్థానమునకు పంపవలెనన్న ఆ పద్ధతిని ఏర్పఱచిన పెద్దల వివేకమునకు నేను చేతులు జోడింతును. అట్టి పత్రము నిందితుని ఇంట ఒకటి ఉండుట న్యాయము కాదా? కారాగార శిక్ష పడినవానికి తీర్పు నకలు వెంటనే ఉచితముగా ఇయ్యవలెనని 1973 నాటి నేర ప్రక్రియా స్మృతి 363వ విభాగము చెప్పినది; దాని స్థానమున 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 404వ విభాగమును అట్లే చెప్పుచున్నది. విడుదలైనవానికి అడుగకయే ఇయ్యవలెనని మాత్రము లేదు. అతనికే ఆ కాగితము జీవితాంతము అవసరము. అతడు కోర్టు మెట్లు దిగునప్పుడే, రాజీపడిన కేసైనచో లోక్ అదాలతు ముగిసిన నాడే, ఒక నకలు చేతికిచ్చునట్లు తాము ఒక సర్క్యులరు పంపినచో, పైన చెప్పిన యువకునివంటివారు మరల ఆ గుమ్మము త్రొక్కనక్కఱ యుండదు. అదే 404వ విభాగము, నిందితుడు కోరినచో వీలైనంతవఱకు అతని భాషలో అనువాదము ఇయ్యవలెననియు చెప్పుచున్నది. ఈ హక్కు తనకున్నదని ఎఱిగి కోరినవానిని నేనింతవఱకు చూడలేదు.

కంప్యూటరుకు ముందటి దస్త్రముల సంగతి వేఱు. అవి రికార్డు గదులలో గుడ్డమూటలలో నున్నవి. నిర్ణీత కాలము గడచినవాటిని నాశనము చేయుటకు 1917 నాటి చట్టము అనుమతించుచున్నది. మూటలను తగులబెట్టుటకు పూర్వము ఆ సంవత్సరపు కేసుల రిజిస్టరునైనను ఛాయాచిత్రము తీయించి భద్రపఱచినచో, తీర్పు పోయినను అది ఉండెనన్న ఆధారము మిగులును. జిల్లా చరిత్ర వ్రాయువారికిని అది పెన్నిధి.

ఇక నా ప్రధాన ప్రార్థన. ప్రతి మేజిస్ట్రేటు కోర్టు ప్రతి నెలయు, తన పరిధిలోని స్టేషనులవారీగా, ఏ క్రైం నంబరు ఏ సీసీ లేక పీఆర్సీ నంబరైనదో, ఏది తుది నివేదికతో ముగిసినదో చూపు పట్టికను, పేర్లు లేకుండ సంఖ్యలతో మాత్రమే, తెలుగులో గోడపై అంటింపవలెను. ఆ పట్టికయే ఈ-కోర్ట్స్ పుటలోను ఉండవలెను. ఇందునకు క్రొత్త చట్టము అక్కఱలేదు. ఆ సమాచారమును చాలవఱకు కోర్టు సిబ్బంది ఇప్పటికే కంప్యూటరులోనికి ఎక్కించుచున్నారు. జిల్లా న్యాయమూర్తులు దిగువ కోర్టులను తనిఖీ చేయునప్పుడు నింపు ప్రశ్నావళిలో, ఈ పట్టిక గోడపై నున్నదా, ఏ నెల వఱకున్నది, కాపీ అర్జీలలో ఎన్ని రుసుము కట్టించుకొనియు పెండింగులో నున్నవి అను మూడు ప్రశ్నలు చేర్పింపుడని సవినయముగా వేడుకొనుచున్నాను.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
కడప జిల్లా వాస్తవ్యుడగు విశ్రాంత ఉపాధ్యాయుడు