మోరో సింధుశాఖ

మా మద్రసాలో పై తరగతి గోడకు ఒక పాత ప్రపంచ పటం వేలాడుతూ ఉంటుంది. ముస్లిములు ఏయే దేశాలలో నివసిస్తున్నారో చెప్పేటప్పుడు దాని మీద బెత్తం ఆనించి చూపడం నాకు అలవాటు. గత నెల ఫిలిప్పీన్స్ దగ్గరకు వచ్చేసరికి ఒక విద్యార్థి లేచి, మిందనావ్ దీవిని ఆనుకొని ఉన్న నీలి రంగులో ‘మోరో గల్ఫ్’ అన్న అక్షరాలు చదివి, “హజ్రత్, ఇది అరబీ పదమా?” అని అడిగాడు. కాదన్నాను. మరి ఏ భాషది అంటే, చెప్పడానికి ఆ పూట పాఠమంతా పట్టింది.

పశ్చిమాన జాంబొవాంగా ద్వీపకల్పం, తూర్పున కోటబాటో తీరం, ఈ రెంటి నడుమ లోపలికి చొచ్చుకొని వచ్చిన సముద్రమే మోరో సింధుశాఖ. 1976 ఆగస్టులో భూకంపం, దాని వెంట సునామీ వచ్చి ఈ తీరంలో వేలాది మంది మరణించినప్పుడు ఈ పేరు ప్రపంచానికంతటికీ వినిపించింది. పేరు మాత్రం స్పానిష్ మాట. దాని మూలం లాటిన్‌లోని ‘మౌరుస్’. ఉత్తర ఆఫ్రికాలో రోమనులు మౌరితానియా అని పిలిచిన ప్రాంతపు నివాసి అని దాని అర్థం. 711లో తారిఖ్ బిన్ జియాద్ వెంట జలసంధి దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టిన సైన్యంలో అత్యధికులు ఆ ప్రాంతపు బర్బరులే. అక్కడి క్రైస్తవులు వారిని ‘మోరో’ అన్నారు. కాలక్రమాన ఆ మాటలో ఊరి అర్థం అడుగంటి, మతం అర్థం పైకి తేలింది. అరబ్బయినా, బర్బరయినా, ఇస్లాం స్వీకరించిన స్పెయిన్ దేశస్థుడే అయినా అందరూ మోరోలే అయ్యారు.

స్పానిష్‌లో నేటికీ ఒక నానుడి ఉంది: ‘ఐ మోరోస్ ఎన్ లా కోస్తా’. తీరంలో మోరోలు ఉన్నారు అని మాటకు మాట అర్థం. (ఇందులోని ‘కోస్తా’ మనకు పరాయిది కాదు. మన కోస్తా జిల్లాల కోస్తా కూడా పోర్చుగీసు నుండి వచ్చిన దాని తోబుట్టువే.) మధ్యధరా తీరంలో ఉత్తర ఆఫ్రికా ఓడల దాడులకు భయపడిన రోజులలో పుట్టిన హెచ్చరిక అది. ఇప్పుడు ఓడలూ లేవు, దాడులూ లేవు. గోడలకు చెవులుంటాయి, మెల్లగా మాట్లాడు అని మనం చెప్పే సందర్భంలో వారు ఆ మాట వాడతారు. అనేవారి మనసులో ఏ ద్వేషమూ ఉండకపోవచ్చు. అయినా ఒక సముదాయం పేరు ‘జాగ్రత్త’ అనే మాటకు పర్యాయంగా మిగిలిపోయింది.

1492 జనవరిలో గ్రనడా పతనమయింది. ఆ తరువాత నూరేళ్ళు కూడా గడవక ముందే, 1565లో స్పెయిన్ వారు ఫిలిప్పీన్ దీవులలో స్థావరం వేసుకున్నారు. 1571లో మనీలాను పట్టుకున్నారు. అప్పుడు మనీలా పాలకులలో ఒకరి పేరు రాజా సులైమాన్. దక్షిణాన సులూ, మాగిందనావ్ ప్రాంతాలలో సుల్తానుల పాలన సాగుతోంది. భూగోళంలో సగం చుట్టి వచ్చినా ఇక్కడ కూడా అజాన్ వినిపించేసరికి, స్పెయిన్ వారు ఇంటి నుండి తెచ్చుకున్న పాత పేరునే తీసి వీరికి తగిలించారు. ఆఫ్రికా ముఖమైనా చూడని మలయ జాతుల వారు ఒక్కసారిగా మౌరితానియా వారయ్యారు! పేరుతో పాటు పగ కూడా దిగుమతి అయింది. 1635లో జాంబొవాంగాలో రాతి కోట లేచింది. ఊళ్ళలో ‘మోరో మోరో’ అనే నాటకాలు ఆడేవారు. అందులో మోరోలు ఎప్పుడూ ఓడిపోవలసిందే. ముగింపు ముందే తెలిసిన ఆట కాబట్టి, పైకి పోటీ లోపల కుమ్మక్కు అయిన వ్యవహారాన్ని ఫిలిప్పీన్స్‌లో నేటికీ ‘మోరో మోరో’ అంటారు.

ఇది విని మా పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మన ఊళ్ళలో మనల్ని ‘తురకలు’ అంటారు, మనం ఇంట్లో మాట్లాడే ఉర్దూని ‘తురకం’ అంటారు. మా తాతముత్తాతలు గుంటూరు జిల్లా దాటి ఎరుగరు. తుర్కులతో వారికి ఏ చుట్టరికమూ లేదు. ఆ మాటను ఆప్యాయంగా పలికిన ఇరుగుపొరుగు వారినీ చూశాను, ఈసడింపుగా విసిరిన వారినీ చూశాను. పదం ఒకటే, పలికే గొంతులోనే తేడా. ఒకరినొకరు నిందాపూర్వకమైన పేర్లతో పిలుచుకోవడాన్ని అల్లాహ్ హుజురాత్ సూరా 11వ ఆయతులో వారించాడు. ఆ ఆయతు బోధించే ప్రతిసారీ నాకు మా వీధి గుర్తుకు వస్తుంది.

మిందనావ్ ముస్లిములు ఆ పేరును ఏం చేశారన్నది వినదగినది. 1968లో కొరెగిదోర్ దీవిలో సైనిక శిక్షణలో ఉన్న ముస్లిం యువకులు హతులయ్యారు. ఆ ఆగ్రహంలో నుండి ఎదిగిన తరం, విశ్వవిద్యాలయంలో బోధించిన నూర్ మిసువారి వంటివారి నాయకత్వంలో, 1970 దశకంలో ‘మోరో’ అన్న మాటనే తమ ఉద్యమానికి పేరుగా పెట్టుకుంది. వేర్వేరు భాషల వారిని కలిపే మరో పేరు వారికి దొరకలేదు. శత్రువు అందరినీ ఒకే పేరుతో తిట్టాడు కాబట్టి ఆ తిట్టే వారిని ఏకం చేసింది. దాని ముందు ‘బంగ్సా’ చేర్చి ‘బంగ్సామోరో’ అన్నారు. బంగ్సా అంటే మలయ భాషలో జాతి. అది మరేదో కాదు, సంస్కృతం నుండి వెళ్ళిన మన ‘వంశ’మే. దశాబ్దాల రక్తపాతం, అనేక ఒప్పందాల తరువాత 2018లో చట్టం వచ్చింది. 2019లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి బంగ్సామోరో స్వయంప్రతిపత్తి ప్రాంతం ఏర్పడింది. స్పెయిన్ వారు వచ్చేనాటికి అక్కడి నివాసులుగా ఉన్నవారికీ, వారి సంతతికీ తమను బంగ్సామోరోగా చెప్పుకునే హక్కు ఉందని ఆ చట్టం అంటుంది. ఎవరో పెట్టిన పేరు ఇలా ఎంచుకునే హక్కుగా మారింది. అందరూ దానిని ఎంచుకున్నారని కాదు. ముస్లిం అంటే చాలు, మోరో ఎందుకు అనేవారూ అక్కడ ఉన్నారు.

“మరి ఇళ్ళలో వాళ్ళు తమను ఏమని చెప్పుకుంటారు?” అని అదే విద్యార్థి అడిగాడు. సులూ వారు తౌసుగ్, అంటే సముద్రపు ఒరవడి మనుషులు. లనావ్ సరస్సు చుట్టూ ఉన్నవారు మరనావ్, అంటే సరస్సు మనుషులు. మాగిందనావ్ వారి పేరు వరద ముంచే మైదానాన్ని చెబుతుంది. వాడు పెన్సిలు తెచ్చి, పటం మీద నీలి రంగు చుట్టూ ఆ మూడు పేర్లూ ఉర్దూ అక్షరాలలో రాశాడు. పటం పాడవుతుందని నేను వారించలేదు.