చేనులో తీసిన వీడియోల కుదింపు: సాధనం ఎంపికలో పరిమాణమొక్కటే ప్రమాణం కారాదు

కృషి విజ్ఞాన కేంద్రాలలోను, ఏరువాక కేంద్రాలలోను వీడియో చిత్రీకరణ నేడు నిత్యకృత్యమైనది. ప్రథమ శ్రేణి ప్రదర్శనలు, క్షేత్ర దినోత్సవాలు, రోగనిర్ధారణ సందర్శనలు అన్నింటినీ చేతిలోని ఫోనుతోనే చిత్రీకరిస్తున్నాము. చిక్కు అటు తరువాత మొదలవుతుంది. సాధారణ ఫోను ఫుల్ హెచ్‌డీలో సెకనుకు సుమారు 17 మెగాబిట్ల చొప్పున నమోదు చేస్తుందనుకుంటే, పది నిమిషాల వీడియో 1,275 మెగాబైట్లు అవుతుంది. ఒక ఖరీఫ్ ముగిసేసరికి ఇటువంటివి వందలలో పోగుపడతాయి. వీటిని యథాతథంగా రైతులకు పంపలేము. ఒక్కొక్కటిగా కుదించుటకు సమయం చాలదు. కనుక మొత్తాన్ని ఒకేసారి కుదించి, రూపం మార్చే సాధనం అవసరమవుతున్నది.

ఆ సాధనాన్ని ఎంచుకొనే బాధ్యత మాత్రం చాలాచోట్ల కంప్యూటర్ ఆపరేటరుకో, వేసవి శిక్షణకు వచ్చిన విద్యార్థికో దక్కుతున్నది. త్వరగా పని ముగించేది, ఫైలును బాగా చిన్నది చేసేది మంచి సాధనమని వారు భావించుట సహజం. నా అభిప్రాయంలో ఇది కార్యాలయపు పని కాదు. మట్టి నమూనాను ఎండబెట్టి జల్లెడ పట్టుట ఎట్లా విశ్లేషణలో భాగమో, వీడియోను కుదించుట కూడా అట్లాగే విస్తరణలో భాగం. అక్కడ పోయినది తరువాత తిరిగి రాదు.

పోయేది ఏమిటో చూద్దాము. కుదింపు విధానాలు మనిషి కంటికి అంతగా పట్టని సూక్ష్మ వివరాలను ముందుగా వదిలివేస్తాయి. ముఖం, గోడ, ఆకాశం వంటి దృశ్యాలలో ఈ నష్టం తెలియదు. మన వీడియోలలో సూక్ష్మ వివరమే అసలు విషయం. మొక్కజొన్నలో కత్తెర పురుగును గుర్తించుటకు తలపైనున్న తలకిందులైన ‘వై’ ఆకారపు గుర్తును, ఎనిమిదవ ఉదర ఖండితంపై చతురస్రంగా అమరిన నాలుగు మచ్చలను చూడమని రైతుకు చెబుతాము. అతిగా కుదించిన వీడియోలో ఆ గుర్తు మసకబారితే అది ఏ లద్దె పురుగైనా కావచ్చును. 2021-22లో మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పొడవు దాదాపు ఒక మిల్లీమీటరు మాత్రమే. వరిలో అగ్గి తెగులు మచ్చ నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో ఉంటుంది. గోధుమ మచ్చ తెగులులో మచ్చ అండాకారంగా ఉంటుంది. అంచు చెదిరితే రెండూ ఒకటే అవుతాయి. రంగు విషయం మరింత సున్నితమైనది. ఫోన్లు, సాధారణ కుదింపు విధానాలు వెలుతురు సమాచారాన్ని ప్రతి బిందువుకు భద్రపరచి, రంగు సమాచారాన్ని నాలుగు బిందువులకు ఒకటిగా మాత్రమే నిలుపుతాయి. దానిపై కొలతను 1080 నుండి 480 గీతలకు తగ్గిస్తే ఆకుపై ఎర్రనల్లి చుక్క మిగలదు.

రెండవ సంగతి గాలి. స్టూడియోలో కూర్చొని ప్రసంగించే శాస్త్రవేత్త వీడియోను కుదించుట సులభం. ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య పెదవులు, చేతులు తప్ప ఏమీ మారవు. మారిన భాగాన్ని మాత్రమే నమోదు చేస్తే సరిపోతుంది. గాలికి ఊగే వరి చేనులో ప్రతి ఆకు ఒక్కొక్క దిశలో కదులుతుంది. ముందటి చిత్రం ఆధారంగా తరువాతి చిత్రాన్ని ఊహించే పద్ధతి అక్కడ తడబడుతుంది. ప్రసంగానికి సరిపోయిన బిట్ రేటునే చేనుకూ కేటాయిస్తే పైరు పచ్చని ముద్దగా మారుతుంది. అందుచేత ‘ఎన్ని మెగాబైట్లు కావాలి’ అని మాత్రమే అడిగే సాధనం మనకు పనికిరాదు. నాణ్యతను స్థిరంగా ఉంచి, పరిమాణాన్ని దృశ్యానికి తగినట్లు మారనిచ్చే సాధనం కావాలి. ఎక్స్264 ఎన్‌కోడరులో దీనిని సీఆర్‌ఎఫ్ అంటారు. దాని సహజ విలువ 23. విలువ తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. ఆరు తగ్గిస్తే ఫైలు ఇంచుమించు రెట్టింపవుతుంది. ప్రసంగాలకు 23 ఉంచి, తెగులు లక్షణాల దగ్గరి చిత్రాలకు 18 నుండి 20 వరకు వాడుట మేలని నా సలహా.

ఏ విధానంలో కుదించాలన్నది తరువాతి ప్రశ్న. 2003లో ప్రమాణమైన హెచ్.264 పాతది. 2013 నాటి హెచ్.265, 2018 నాటి ఏవీ1 అదే నాణ్యతను తక్కువ పరిమాణంలో ఇస్తాయి. అయినను క్షేత్రానికి పంపే ప్రతికి హెచ్.264నే ఎంచుకోవాలి. రైతు సేవా కేంద్రంలోని టీవీ, పాత ప్రొజెక్టరు, తక్కువ ధర ఫోను కొత్త విధానాలను తెరవకపోవచ్చును. తెరవని వీడియో ఎంత చిన్నదైనా వృథాయే. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పరిశోధనగా ఆరంభమైన డిజిటల్ గ్రీన్ గ్రామాలలో చిన్న బ్యాటరీ ప్రొజెక్టర్లతో వీడియోలు ప్రదర్శించినది. చూపే పరికరం ఏదో నిశ్చయించుకొన్న పిమ్మటనే వీడియో రూపాన్ని నిశ్చయించాలని విద్యార్థులు ఆ అనుభవం నుండి గ్రహించవచ్చును. మరొక్క మాట. కొత్త ఫోన్లు హెచ్‌డీఆర్‌లో తీసిన దృశ్యాలు సాధారణ టీవీపై వెలిసిపోయినట్లు కనబడతాయి. పల్లాకు తెగులు పసుపును అటువంటి టీవీపై చూసి ఎవరేమి నిర్ణయించగలరు? ఆ సౌకర్యాన్ని చిత్రీకరణ సమయంలోనే ఆపివేయుట ఉత్తమం.

ఇక సాధనాలు. ఉచితంగా, మూలసంకేతం బహిరంగంగా లభించే రెండింటిని నేను సూచిస్తాను. మొదటిది హ్యాండ్‌బ్రేక్. దీనిలో ఒక ఫోల్డరును తెరచి అందులోని వీడియోలన్నింటినీ వరుసలో చేర్చి, రాత్రి కంప్యూటరును వదిలి వెళ్లవచ్చును. మన అమరికలను ఒక ఫైలుగా భద్రపరచి మరొక కేంద్రానికి పంపవచ్చును. ఫోన్లు తీసే వీడియోలలో సెకనుకు చిత్రాల సంఖ్య నిలకడగా ఉండదు. అందువలన ఎడిటింగులో మాటకూ పెదవికీ పొంతన తప్పుతుంది. ఆ సంఖ్యను స్థిరపరచే ఐచ్ఛికం ఇందులో ఉన్నది. కేంద్రాల నిత్యావసరాలలో అధిక భాగం దీనితో తీరుతుంది.

రెండవది 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ఆరంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. దీనికి బొత్తాలు లేవు. ఆజ్ఞలను టైపు చేయాలి. అందువలననే మనవారు దీనికి దూరంగా ఉంటున్నారు. కానీ హ్యాండ్‌బ్రేక్ చేయలేనిది ఇది చేస్తుంది. చాలామంది ‘మార్పిడి’ అని అడిగేది నిజానికి పెట్టె మార్చుట మాత్రమే. ఎంవోవీ, ఎంకేవీ, ఎంపీ4 అనేవి పెట్టెలు. లోపలి వీడియో హెచ్.264లోనే ఉన్నప్పుడు దానిని తిరిగి కుదించనవసరం లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆ దృశ్యాన్ని ఏ మాత్రం ముట్టకుండా ఒక పెట్టె నుండి మరొక పెట్టెలోకి క్షణాలలో మారుస్తుంది. హ్యాండ్‌బ్రేక్ ప్రతిసారీ తిరిగి కుదిస్తుంది. కుదించిన దానిని మళ్లీ కుదించిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది.

తెలుగు ఉపశీర్షికల అవసరం కూడా ఉన్నది. సంయుక్తాక్షరాలను కూర్చలేని సాధనంలో ‘క్షేత్రం’ అన్న మాట ముక్కలై, వత్తులు విడివడి కనిపిస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉపశీర్షికలకు వాడే లిబాస్, అక్షరాల కూర్పునకు హార్ఫ్‌బజ్‌ను ఆశ్రయిస్తుంది. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ఇస్తే వత్తులు సరిగా వస్తాయి. మందు మోతాదును తెరపై చూపవలసిన వీడియోలో ఇది అలంకారం కాదు.

వెబ్‌సైటులో ఫైలును ఎక్కించి కుదించి దించుకొనే సేవలు అన్నింటికన్నా సులభమైనవి. వాటిని వాడరాదని నేను గట్టిగా చెబుతాను. రైతు ముఖం, గొంతు, పొలం, కొన్నిసార్లు అప్పుల ప్రస్తావన సైతం మన వీడియోలలో ఉంటాయి. ఆయన అనుమతి ఇచ్చినది విశ్వవిద్యాలయానికి; ఎక్కడున్నదో తెలియని సర్వరుకు కాదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చిన పిదప దీనిని మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడలేము. కొనుగోలు సాఫ్ట్‌వేరుల ప్రయోగాత్మక ప్రతులతో మరొక తలనొప్పి: తెర మధ్యన కంపెనీ ముద్ర. కంకి దశలోని వరిపై ఎవరిదో వ్యాపార ప్రకటన కనబడుట చూసేవారికి నవ్వు తెప్పిస్తుంది, సంస్థకు తలవంపులు తెస్తుంది.

ఆజ్ఞలు టైపు చేయుట కష్టమన్న అభ్యంతరానికి నా సమాధానం వేరు. టైపు చేసిన ఆజ్ఞ ఒక రాత. దానిని సిద్ధాంత గ్రంథంలోని ‘సామగ్రి, పద్ధతులు’ అధ్యాయంలో యథాతథంగా చేర్చవచ్చును. వీడియోల నుండి ఆకు విస్తీర్ణాన్నో, పురుగుల సంఖ్యనో లెక్కించే విద్యార్థి తన దృశ్యాలను ఏ అమరికతో కుదించినదీ చెప్పకుంటే మరొకరు ఆ ఫలితాన్ని పరీక్షించలేరు. ఎరువు మోతాదును దశాంశ స్థానం వరకు రాసే మనము దీనిని వదిలివేయుట నాకు వింతగా తోస్తుంది. ఇటువంటి విశ్లేషణకు వేగం కొరకు గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడరును వాడుట కూడా తగదు. అదే పరిమాణంలో దాని నాణ్యత సాధారణంగా ఎక్స్264 నిదానపు అమరికలకన్నా తక్కువ.

సామూహిక కుదింపులోని ప్రమాదం దాని బలంలోనే ఉన్నది. ఒక తప్పు అమరిక మూడు వందల ఫైళ్లకు ఒకేసారి వర్తిస్తుంది. ఫలితాలు వేరొక ఫోల్డరులో పడవలెను. వాటిని తెరచి చూడకముందు మూలప్రతులను తొలగించరాదు. లక్షణాల దగ్గరి చిత్రాల మూలప్రతులను అసలే తొలగించరాదని, వాటికి ప్రత్యేక హార్డ్ డిస్కు కేటాయించాలని నా మనవి. యూట్యూబునకు పంపేటప్పుడు కూడా కుదించిన ప్రతిని కాక మూలప్రతికి దగ్గరి దానినే పంపాలి, ఎందుకనగా ఆ వేదిక తనంతట తాను మరల కుదిస్తుంది.

ఇన్ని కేంద్రాలు ఎవరికి వారు ప్రయోగాలు చేయనవసరం లేదు. విశ్వవిద్యాలయ విస్తరణ సంచాలకుల కార్యాలయం హ్యాండ్‌బ్రేక్ అమరిక ఫైలు ఒకటి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆజ్ఞలు నాలుగైదు ఉన్న ఒక పుట తయారుచేసి పంపిణీ చేయవచ్చును. అంతకుముందు రబీలో ఒక పరీక్ష జరపాలి. కత్తెర పురుగు తల దగ్గరి చిత్రం, గాలిలో వరి చేను, ఒక ప్రసంగం: ఈ మూడింటిని ప్రతిపాదిత అమరికలతో కుదించి, కేంద్రంలోని టీవీపైనా తక్కువ ధర ఫోనులోనూ చూపి, ఆ పురుగు పేరేమిటో చూస్తున్న రైతునే అడగాలి.